ఫ్యానీ గురించి రాశారు, ఫూక్యే గురించీ రాయండి

సంపాదకులకు నమస్కారం.

పోయిన ఆదివారం మీ మహిళల పేజీలో నెదర్లాండ్స్ పరుగుల రాణి ఫ్యానీ బ్లాంకర్స్-కూన్ మీద వచ్చిన వ్యాసం చదివాను. (మీరు ‘కోయెన్’ అని వేశారు. వాళ్ళ దేశంలో ‘కూన్’ అంటారు. మన ‘కూన’లో చివరి అచ్చు మింగేస్తే సరిపోతుంది.) వ్యాసం బాగుంది, కత్తిరించి దాచుకున్నాను. కానీ రెండు రాత్రులు నిద్ర సరిగ్గా పట్టలేదు. అందుకే ఈ ఉత్తరం. నిడివి ఎక్కువైతే మీ ఇష్టం వచ్చినట్టు కోసుకోండి గానీ, మధ్యలో మా జిల్లా అమ్మాయి సంగతి ఒకటి వస్తుంది, దాన్ని మాత్రం ముక్కలు చేయకండి.

నేను జిల్లా పరిషత్తు హైస్కూళ్ళలో ముప్పై ఒక్క ఏళ్ళు పీఈటీగా, అంటే డ్రిల్లు టీచరుగా పనిచేసి రిటైరయ్యాను. ఫ్యానీ నాకు కొత్త మనిషి కాదు. తొమ్మిదో తరగతికి రాగానే పిల్లని ఆటలు మాన్పించడానికి తల్లో తండ్రో స్కూలుకొచ్చేవారు. వాళ్ళకి చెప్పడానికి నా దగ్గర ఉన్న మందు ఫ్యానీయే. ‘ముప్పై ఏళ్ళమ్మా ఆవిడకి, ఇద్దరు పిల్లల తల్లి, 1948లో లండన్ ఒలింపిక్స్‌లో నాలుగు పరుగులకి నాలుగు బంగారు పతకాలు తెచ్చింది’ అనేదాన్ని. వందలో ఇద్దరు మెత్తబడేవారేమో. మిగతావాళ్ళు ‘అది దొరల దేశంలో మేడమ్’ అని లేచిపోయేవారు.

దొరల దేశంలోనూ అంత సుఖంగా ఏమీ లేదు. పిల్లల్ని ఇంట్లో చూసుకోకుండా పొట్టి నిక్కరేసుకుని పరిగెత్తడమేమిటని ఫ్యానీకి ఉత్తరాలు రాసినవాళ్ళున్నారు. ఈ సంగతి తరువాతి రోజుల్లో ఆవిడే చెప్పింది. మీ వ్యాసంలో ఆ ఉత్తరాలు లేవు. నాకు అన్నిటికన్నా ఇష్టమైన ముచ్చట కూడా లేదు. 80 మీటర్ల హర్డిల్స్‌లో ఫ్యానీ, ఇంగ్లండు అమ్మాయి మౌరీన్ గార్డ్‌నర్ ఇద్దరూ 11.2 సెకన్లకే గీత దాటారు. ఫోటో చూసి తేల్చాలి. ఇంతలో బ్యాండువాళ్ళు ఇంగ్లండు జాతీయ గీతం ఎత్తుకున్నారు. ఇంకేముంది, ఓడిపోయాననుకుంది ఫ్యానీ. తీరా చూస్తే ఆ పాట రాజకుటుంబం స్టేడియంలోకి వస్తున్నందుకట! తరువాత 200 మీటర్ల ముందు ఆవిడ ఇక నావల్ల కాదని ఏడ్చింది, ఇంటికి పోతానంది. మొగుడూ కోచూ అయిన యాన్ బ్లాంకర్స్ సముదాయించాక దిగి, బురద ట్రాకు మీద 24.4 సెకన్లలో రెండో ఆవిడకి 0.7 సెకను ముందు వచ్చింది. రెండొందల మీటర్లలో సెకనులో ఏడు పదో వంతులు అంటే మైదానంలో ఎన్ని గజాలో నాబోటి వాళ్ళకి తెలుసు. ఇంకో పోటీదారు ఆ ఫోటోలో పట్టదు. రిలే రోజున వానకోటు కొనుక్కోవడానికి బజారుకెళ్ళి ఆలస్యంగా వచ్చిన మనిషి కూడా ఈవిడే.

సరే, నా మనసంతా అటు లాగుతుంది, అలా లాగకూడదనే ఈ ఉత్తరం.

మీ వ్యాసంలో 1950కి ఒక్క వాక్యం ఇచ్చారు. ‘బ్రసెల్స్ యూరోపియన్ పోటీల్లో మరో మూడు స్వర్ణాలు’ అని. నిజమే. ఆ పోటీలు ఆగస్టు చివర్లో జరిగాయి. వాటికి ఆరు వారాల ముందు, 1950 జులై 13న, అదే నెదర్లాండ్స్ అథ్లెటిక్స్ సమాఖ్య ఇంకో పరుగుల అమ్మాయిని జన్మలో మళ్ళీ పోటీల్లో పాల్గొనకుండా వెలేసింది. ఆ అమ్మాయి పేరు ఫూక్యే డిల్లెమా. వయసు ఇరవై మూడు.

నేనూ ఆ పేరు 2023 దాకా వినలేదు. మా అమ్మాయి కుటుంబం నెదర్లాండ్స్‌లో ఐండ్‌హోవెన్ అనే ఊళ్ళో ఉంటుంది. మనవరాలు పుట్టినప్పుడు మూడు నెలలు వెళ్ళాను. పగలంతా అందరూ ఆఫీసులకి పోతే, చంటిదాన్ని బండిలో వేసుకుని వీధిలో తిరగడమే నా పని. పక్క వాటాలో ఎనభై దాటిన ముసలావిడ ఒకావిడ ఉండేది. చక్రాల కర్ర తోసుకుంటూ నడిచేది, నాకన్నా జోరుగా. ఆవిడ ఇంగ్లీషు, నా ఇంగ్లీషు కలిపితే ఒక మనిషికి సరిపడేంత. నేను డ్రిల్లు టీచర్నని తెలిసి ఆవిడ సంబరపడితే, నేను కాస్త గొప్పగా ‘మీ ఫ్యానీ నాకు తెలుసు’ అన్నాను. ఆవిడ తల ఊపింది. ఊపి, ‘నేను ఫ్రీస్‌లాండ్ దాన్ని. మా వైపు ఫూక్యే ఉండేది’ అంది. చెయ్యి బల్ల మీద పెట్టి, పలక మీద రాత చెరిపేసినట్టు అరచేత్తో తుడిచి చూపించింది. ఆ సాయంత్రం మా అల్లుడిని పట్టుకుని, దొరికినవన్నీ చదివించుకున్నాను.

ఫూక్యే 1926 సెప్టెంబరులో ఫ్రీస్‌లాండ్ రాష్ట్రంలో బూరుమ్ అనే పల్లెలో పుట్టింది. లండన్ ఒలింపిక్స్ తరువాత రెండేళ్ళలో పైకి వచ్చిన పిల్ల. 1950 జూన్‌లో ఆమ్‌స్టర్‌డామ్‌లో 200 మీటర్లు 24.1 సెకన్లలో పరిగెత్తింది. లండన్‌లో ఫ్యానీకి బంగారం తెచ్చిన టైము కన్నా ఇది తక్కువ. ట్రాకులు వేరు, వాతావరణం వేరు, చేతి గడియారాలు వేరు, ఒప్పుకుంటాను. కానీ ఏ పీఈటీ అయినా ఆ రెండు అంకెలు పక్కపక్కన చూస్తే, వచ్చే రెండేళ్ళు చూడవలసిన పోటీ ఇదీ అనుకుంటాడు. ఆ పోటీ జరగలేదు. జూన్‌లో జాతీయ రికార్డు, జులైలో ‘ఆడో మగో’ పరీక్ష, వెంటనే వెలి. పరీక్షకి ఒప్పుకోనందుకని కొందరు రాశారు, పరీక్షలో తేలినదాన్ని బట్టని కొందరు రాశారు. ఏదైనా ఫలితం ఒకటే. 24.1 రికార్డు పుస్తకంలోంచి కొట్టేశారు. ఆ అమ్మాయి ఊరికి తిరిగి వెళ్ళిపోయింది, మళ్ళీ పోటీలో పరిగెత్తలేదు.

2007 డిసెంబరులో ఎనభై ఒకటో ఏట కోలుమ్‌లో పోయింది. బూరుమ్, కోలుమ్ పక్కపక్క ఊళ్ళు. యాభై ఏడేళ్ళు ఆ సంగతి ఎవరితోనూ బయట మాట్లాడకుండా బతికింది. ఇందులో ఫ్యానీ పాత్ర ఎంత, ఆవిడ మొగుడి పాత్ర ఎంత అని అక్కడ కథలున్నాయి. రుజువు లేని మాట నేను రాయను, మీరూ అచ్చేయకండి. 1999లో ఫ్యానీని శతాబ్దపు మహిళా అథ్లెట్‌గా ఎంచారు. అందుకు తగిన మనిషే. ఒకరి పేరు పెట్టడానికి ఇంకొకరి పేరు తీయాలని నేను అనడం లేదు.

ఫూక్యే పోయాక శాస్త్రజ్ఞులు ఆమె శరీర కణాలకి డీఎన్‌ఏ పరీక్ష చేశారు. మామూలుగా ఆడవాళ్ళలో రెండు ఎక్స్ క్రోమోజోములు ఉంటాయి, మగవాళ్ళలో ఒక ఎక్స్, ఒక వై. ఈమెలో కొన్ని కణాలు అలా, కొన్ని కణాలు ఇలా ఉన్నాయి. పుట్టుకతో వచ్చిన కలగలుపు. తల్లికి తెలియదు, మంత్రసానికి తెలియదు, తనకీ తెలియదు. ఆడపిల్లగా పుట్టింది, ఆడపిల్లగానే పెరిగింది, అలాగే పోయింది. ఇలాంటివాళ్ళని ‘నువ్వు ఆడదానివేనా’ అని నిలదీయడం హాని చేస్తుంది, గందరగోళం పెడుతుందని ఆ పరిశోధన చేసినవాళ్ళే రాశారు. అరవై ఏళ్ళ తరువాత.

ఇక్కడ ఇంకొక మాట. ఆ రోజుల్లో 200 మీటర్ల ప్రపంచ రికార్డు 23.6 సెకన్లు, పోలండ్‌కి పరిగెత్తిన స్టానిస్లావా వాలసేవిచ్‌ది, 1935 నాటిది. ఆవిడ అమెరికాలో క్లీవ్‌లాండ్‌లో ఉండేది. 1980లో దొంగలు కాల్చి చంపారు. శవపరీక్షలో ఆవిడ శరీరంలోనూ ఇలాంటి కలగలుపే బయటపడింది. ఆవిడ పతకాలు, రికార్డులు ఎవరూ తీసేయలేదు. ఇప్పటికీ పుస్తకాల్లో ఉన్నాయి. చచ్చాక తెలిస్తే రికార్డు ఉంటుంది, బతికుండగా అనుమానం వస్తే పోతుంది. ఇదేం లెక్కో నాకు అర్థం కాదు.

ఇప్పుడు మా అమ్మాయి సంగతి. మా అమ్మాయంటే కూతురు కాదు, శిష్యురాలు. ఊరు, కులం, వాళ్ళమ్మ చేసే పని రాయను.

1990ల మొదట్లో జిల్లా స్కూలు గేమ్స్ సెలెక్షన్లు జరుగుతున్నాయి. సున్నంతో గీసిన ట్రాకు, చెక్క క్లాపరు, రెండు స్టాప్‌వాచీలు, అందులో ఒకటి నొక్కితే ఒక్కోసారి తిరగదు. మా పిల్ల తొమ్మిదో తరగతి. పొడుగ్గా, ఎండుకర్రలా ఉండేది. గొంతు బొంగురు, పై పెదవి మీద సన్నటి నూగు. జుట్టు రెండు జడలు వేసి పైకి మడిచి రిబ్బన్లు కట్టుకుని వచ్చింది. వట్టికాళ్ళతో 200 మీటర్ల హీట్స్‌లో మిగతావాళ్ళు మలుపు తిరిగేసరికి తను గీత దగ్గర ఉంది. నేను విజిలు నోట్లో పెట్టుకుని ఊదడం మరిచిపోయాను.

జనం చప్పట్లు కొట్టారు. ఆ వెనకే ఒక గొంతు: ‘ఇది గుంటా, గుంటడా?’ నవ్వులు. మా వైపు భాష తెలియనివారికి చెబుతున్నాను, గుంట అంటే ఆడపిల్ల, గుంటడంటే మగపిల్లాడు. ఒక్క అక్షరం. ఇంకో స్కూలు వాళ్ళు నోటిమాటగా ఫిర్యాదు చేశారు. కాగితం లేదు, కమిటీ లేదు. పోటీలు నడిపిస్తున్న పెద్దాయన నన్ను పిలిచి, గొంతు తగ్గించి, ‘అమ్మా, మీరు ఆడవారు కదా, అలా పక్కకి తీసుకెళ్ళి ఒకసారి చూసి చెప్పేయండి, గొడవ వదిలిపోతుంది’ అన్నారు. చెడ్డమనిషి కాదు. మధ్యాహ్నం భోజనాల దగ్గర పిల్లలందరికీ అరటిపళ్ళు అందేదాకా తను తినకుండా నిలబడ్డ మనిషే.

నేను కుదరదని అనవచ్చు. అనలేదు. నాకు అప్పటికి ఉద్యోగంలో చేరి ఎంతో కాలం కాలేదు, పెద్దాయన మాట. పిల్ల చెయ్యి పట్టుకున్నాను. మైదానం ఈ చివర నుంచి ఆ చివర ఉన్న స్టోరు రూము దాకా నడిపించుకుంటూ వెళ్ళాను. ఎంత దూరమో తెలుసా, సరిగ్గా మా 200 మీటర్ల ట్రాకులో సగం. అందరికీ తెలుసు ఎందుకు వెళ్తున్నామో. తలుపు వేశాను. లోపల బంతులు, చిరిగిన వాలీబాల్ నెట్లు, సున్నం బస్తాలు. ఆ పిల్ల నా మొహం చూసింది. నేను గోడ వైపు తిరిగి నిలబడ్డాను. నా వల్ల కాలేదు. చూడలేదు, ముట్టుకోలేదు, అడగలేదు. కాసేపు ఇద్దరం అలాగే ఉన్నాం. అప్పుడు అడిగింది, ‘మేడమ్, మాయమ్మకి చెప్తారా?’

‘ఏం చెప్పనే, చెప్పడానికి ఏముంది’ అన్నాను. బయటకొచ్చి ‘ఆడపిల్లే సార్’ అన్నాను. పెద్దాయన ‘సరే సరే’ అన్నారు. ఫైనల్‌కి పేరు పిలిచారు. పిలిస్తే రాలేదు. స్టోరు రూము వెనక గోడ పడిపోయి ఉండేది, అటు నుంచి వెళ్ళిపోయిందట. పుస్తకాల సంచీ మైదానంలోనే ఉండిపోతే నేనే వాళ్ళింటికి పట్టుకెళ్ళాను. వాళ్ళమ్మ మంచినీళ్ళిచ్చింది. పిల్ల బయటికి రాలేదు. స్కూలు మానలేదు గానీ, ఆటల పీరియడ్‌లో కడుపునొప్పని క్లాసులో కూర్చునేది. నేను బలవంతం చేయలేదు.

చాలాకాలం నాకు నేను ఒక సమాధానం చెప్పుకునేదాన్ని. నేను చూడలేదు కదా, పిల్లని కాపాడాను కదా అని. ఐండ్‌హోవెన్‌లో ఆ ముసలావిడ అరచేత్తో బల్ల తుడిచినప్పుడు ఆ సమాధానం పోయింది. తలుపు వెనక జరిగినది కాదు, తలుపు దాకా నడిచినదే శిక్ష. మా పిల్ల ‘పాసయింది’. పాసైనా పోయింది.

తరువాత మన దేశంలో ఇది పెద్ద పోటీల్లోనే జరిగింది. 2006లో దోహా ఆసియా క్రీడల్లో 800 మీటర్లలో వెండి గెలిచిన శాంతి సౌందరరాజన్, తమిళనాడులో పుదుక్కోట జిల్లా, ఇటుక బట్టీ కూలీల బిడ్డ. పరీక్ష పేరు చెప్పి పతకం తీసేసుకున్నారు. ఆ వారం పత్రికల్లో చూసిన శీర్షిక ఒకటి ఇంకా నా కళ్ళ ముందుంది: ‘ఆమెనా? అతడా?’ మా మైదానంలో వినబడిన మాటే, అచ్చుతప్పులు లేకుండా.

2014లో ఒడిశా అమ్మాయి ద్యుతీ చంద్‌ని కామన్వెల్త్ క్రీడల ముందు జట్టులోంచి తీసేశారు, శరీరంలో పురుష హార్మోను హద్దు దాటిందని. ద్యుతీ ఊరుకోలేదు, క్రీడా న్యాయస్థానానికి వెళ్ళింది. 2015లో ఆ నిబంధనని పక్కన పెట్టించింది. హైదరాబాద్‌లో మన నాగపురి రమేశ్ దగ్గర తర్ఫీదై, 2016లో రియో ఒలింపిక్స్‌కి వెళ్ళింది, 2018లో జకార్తా ఆసియా క్రీడల్లో 100, 200 రెండింట్లోనూ వెండి తెచ్చింది. తరువాత డోపింగ్ కేసులో నాలుగేళ్ళ నిషేధం పడింది, దాచను, అది వేరే తప్పు, వేరే లెక్క. కానీ 1950లో ఫూక్యేకి లేనిది ద్యుతీకి ఉన్నది ఒక్కటే, నా తరఫున మాట్లాడండి అని అడగడానికి ఒక చోటు, అడిగితే పలికే మనుషులు.

నేను నియమాలే వద్దనడం లేదు. ముప్పై ఏళ్ళు మైదానంలో నిలబడ్డదాన్ని. ఆడపిల్లల పోటీ ఆడపిల్లల మధ్యే జరగాలని తల్లిదండ్రులు అడిగితే తప్పు పట్టను. సెకనులో వందో వంతుతో ఫైనల్ పోగొట్టుకున్న పిల్ల ఏడుపు కూడా నా భుజం మీదే పడింది. 2025 సెప్టెంబరు నుంచి ప్రపంచ అథ్లెటిక్స్ సంఘం కొత్త నిబంధన పెట్టింది. ప్రపంచ చాంపియన్‌షిప్‌లో ఆడవాళ్ళ విభాగంలో దిగాలంటే జీవితంలో ఒకసారి, మామూలుగా వై క్రోమోజోములో ఉండే ఎస్‌ఆర్‌వై అనే జన్యువుకి పరీక్ష చేయించుకోవాలి, బుగ్గ లోపల దూదిపుల్లతో రాసి గానీ రక్తం తీసి గానీ. ఆ జన్యువుని 1990లో కనిపెట్టిన ఆండ్రూ సింక్లెయిరే ఈ పనికి ఆ పరీక్ష తగదని రాశారు. జన్యువు ఉన్నంతమాత్రాన ఒళ్ళు ఎలా పనిచేస్తుందో అది చెప్పదని ఆయన మాట. ఎవరిది ఒప్పో పెద్దలు తేల్చుకోవాలి. నా భయం వేరే. పైన దూదిపుల్లతో చేసేది, కింద మండల స్థాయికి వచ్చేసరికి స్టోరు రూములో చేస్తారు. పైన నియమం ఉందని కింద నోళ్ళకి ధైర్యం వస్తుంది.

అందుకే మీకు రాస్తున్నాను, సమాఖ్యకి కాదు. మైదానంలో నోళ్ళు పత్రిక చదివే మాట్లాడతాయి. రేపు మన పిల్లల్లో ఒకరి పరీక్ష ఇలా వచ్చిందని మీకు ఎవరైనా ఫోను చేసి చెబితే, ఫలితం బయటపెట్టడం ఆ అమ్మాయి హక్కు అనుకుని ఆగండి. ‘లింగ పరీక్షలో ఫెయిల్’ అని వేయకండి. అది ఆ పిల్ల చదివి రాసిన పరీక్ష కాదు, ఫెయిలవడానికి. ఫోటో వేయకండి. వాళ్ళ ఊరు వెళ్ళి చిన్నప్పుడు ఎలా ఉండేదని పక్కింటివాళ్ళని అడగకండి. ప్రతి ఊళ్ళోనూ ఒకడుంటాడు ‘నేను అప్పుడే అనుకున్నాను’ అనేవాడు.

ఇంకొకటి చిన్న కోరిక. విశాఖపట్నం అమ్మాయి జ్యోతి యర్రాజీ 2022 మే నెలలో వంద మీటర్ల హర్డిల్స్‌లో జాతీయ రికార్డు 13.04కి తెచ్చింది ఎక్కడో తెలుసా, నెదర్లాండ్స్‌లోనే, వుఖ్ట్ అనే చిన్న ఊళ్ళో. మా అమ్మాయి ఉండే చోటికి దగ్గరే. ఈసారి జ్యోతి గురించి రాసేటప్పుడు ఎలాగూ ఫ్యానీ పేరు వస్తుంది, హర్డిల్స్ రాణి కాబట్టి. ఆ పక్కన ఒక్క వాక్యం పెట్టండి: 1950లో ఆ దేశపు 200 మీటర్ల రికార్డు 24.1, ఫూక్యే డిల్లెమా. కొట్టేసిన అంకె ఇంకో భాషలోనైనా అచ్చయి ఉంటుంది.

మా పిల్ల నాలుగేళ్ళ కిందట బస్టాండులో కనబడింది. నడక చూసి పోల్చుకున్నాను. నలభై దాటింది, చేతిలో రెండు సంచులు, పక్కన కాలేజీ బ్యాగుతో కొడుకు. ‘బాగున్నావే?’ అన్నాను. ‘బాగున్నాను మేడమ్, మీ మోకాళ్ళు ఎలా ఉన్నాయి?’ అంది. పరుగు సంగతి తను ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. బస్సు కదులుతుంటే కొడుకు ముందు పరిగెత్తి ఎక్కాడు. తను ఆగి, ఆ తరువాతి బస్సుకి వెళ్ళింది.

ఇట్లు,
ఒక రిటైర్డు పీఈటీ,
విజయనగరం జిల్లా

(పేరు కింద రాశాను, మీ నమ్మకం కోసం. దయచేసి అచ్చు వేయవద్దు. నా పేరు చూస్తే మా ఊళ్ళవాళ్ళు ఆ పిల్ల ఎవరో పోల్చుకోగలరు.)